ఓ మోస్తరు వైడ్ లెన్స్ ఎప్పుడు వాడాలి? 24, 28, 35 ఎంఎంలతో పనిచేసే పద్ధతి

వడ్రంగి ఒకాయన చిత్రిక పడుతున్నాడు. మీ చేతిలో కెమెరా ఉంది. లెన్స్ మీదున్న ఎంఎం అంకె (దాని ఫోకల్ లెంగ్త్) ఎంత చిన్నదైతే అది అంత వెడల్పుగా చూస్తుంది. 85 ఎంఎం లెన్స్‌తో తీస్తే ముఖం బ్రహ్మాండంగా వస్తుంది, వెనకంతా మసక. కానీ ఆయన వడ్రంగో, వంటవాడో, వైద్యుడో ఆ ఫొటో చూస్తే తెలియదు. 16 ఎంఎం పెడితే కప్పు నుంచి నేల దాకా షెడ్డంతా పడుతుంది, ఆయన మాత్రం ఎక్కడో చీమలా కనిపిస్తాడు. 35 ఎంఎం పెట్టి రెండు మీటర్ల దూరంలో నిలబడండి. మనిషి మనిషంత ఉంటాడు. చేతిలో చిత్రిక, కాళ్ల దగ్గర చెక్కపొట్టు, గోడకు వేలాడే రంపాలు ఆయన వెంటే వస్తాయి.

ఓ మోస్తరు వైడ్ లెన్స్ అసలు పని ఇదే. మనిషినీ అతనున్న చోటునీ ఒకే ఫ్రేములో, ఒకదాన్నొకటి మింగేయకుండా కూర్చోబెట్టడం.

చాలామందికి వైడ్ లెన్స్ గుర్తొచ్చేది 'వెనక్కి జరగడానికి చోటు లేదు, అంతా పట్టడం లేదు' అన్నప్పుడే. ఆ అవసరం నిజమే, కాదనను. కానీ నా పాత ఫొటోలు తిరగేస్తే, అంతా పట్టాలని తీసినవి నీరసంగా ఉన్నాయి. దగ్గరికి వెళ్లి తీసినవి ఇప్పటికీ చూడబుద్ధవుతాయి. అందుకే ఇక్కడ చెప్పేదంతా ఒక్క మాట చుట్టూ తిరుగుతుంది: ఈ లెన్స్ పెట్టాక అడుగు ముందుకే పడాలి.

## మొదట, మీ కెమెరాలో అది ఏ అంకె దగ్గరుందో చూసుకోండి

సెన్సర్ అంటే కెమెరా లోపల బొమ్మ పడే పలక. వాటిలో ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద రకం సెన్సర్ కొలత 36 × 24 ఎంఎం. దాని మీద 24, 28, 35 ఎంఎం లెన్సులనే ఓ మోస్తరు వైడ్ అంటున్నాను. మూల నుంచి మూలకు కొలిస్తే 35 ఎంఎం చూసే కోణం సుమారు 63 డిగ్రీలు. 28కి 75, 24కి 84. పోల్చుకోవడానికి, 50 ఎంఎంకి 47 డిగ్రీలే. 24 కంటే కిందికి దిగితే అల్ట్రా వైడ్, ఆ ఆట వేరు.

సెన్సర్ చిన్నదైతే అంకెలు మారతాయి. ఏపీఎస్-సీ అనే చిన్న సెన్సర్ ఉన్న నికాన్, సోనీ, ఫూజీ కెమెరాల్లో లెన్స్ మీదున్న అంకెను 1.5తో, కానన్ ఏపీఎస్-సీలో 1.6తో, ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్ సెన్సర్‌లో 2తో గుణించాలి. అంటే 35 చూపు కావాలంటే ఏపీఎస్-సీలో 23 ఎంఎం, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 17 కావాలి. 28 చూపు కావాలంటే 18, 14. కెమెరాతో పాటు వచ్చే 18-55 కిట్ లెన్స్ ఉంటే కొత్తగా ఏమీ కొననక్కర్లేదు. 18 దగ్గర దాదాపు 28, 24 దగ్గర దాదాపు 35 మీ దగ్గర ఉన్నట్టే. ఫోన్లలో ప్రధాన కెమెరా కూడా ఎక్కువగా 24 నుంచి 28 మధ్యే ఉంటుంది. తెలియకుండానే మనందరం రోజూ వాడుతున్నది ఈ లెన్సే.

జూమ్‌తో ఒక చిక్కుంది. చెయ్యి ఎప్పుడూ అటు చివరికో ఇటు చివరికో పోతుంది. నమ్మకపోతే మీరు ఈమధ్య తీసిన రెండొందల ఫొటోల ఫోకల్ లెంగ్త్ చూసుకోండి. మందు నేను చెప్తాను: జూమ్ రింగ్‌ని 24 దగ్గర పెట్టి చిన్న టేపు ముక్క అంటించేసి ఓ వారం తిరగండి. మొదటి రెండు రోజులు చిరాకు వేస్తుంది. మూడో రోజు నుంచి కాళ్లు పనిచేయడం మొదలుపెడతాయి.

ఇక్కడి నుంచి చెప్పే అంకెలన్నీ ఫుల్ ఫ్రేమ్ లెక్కలో.

## కెమెరా ఎత్తకముందే వెడల్పు లెక్కగట్టండి

35 ఎంఎంకి ఒక అందమైన సౌలభ్యం ఉంది. సెన్సర్ వెడల్పు 36, లెన్స్ 35. దాదాపు సమానం. కాబట్టి కెమెరా అడ్డంగా పట్టుకుంటే, మీరు ఎన్ని మీటర్ల దూరంలో ఉంటే ఫ్రేములో అన్ని మీటర్ల వెడల్పు పడుతుంది. రెండు మీటర్ల బల్ల మొత్తం రావాలా? రెండు మీటర్ల దూరంలో నిలబడండి. అటూ ఇటూ కాస్త ఖాళీ కావాలంటే ఇంకో అరమీటరు వెనక్కి.

28తో దూరానికి ఒకటింబావు రెట్లు పైచిలుకు వెడల్పు వస్తుంది, 24తో ఒకటిన్నర రెట్లు. 50తో ముప్పావు కూడా రాదు. మూడున్నర మీటర్ల గదిలో ఒక గోడకు ఆనుకుని ఎదురు గోడను తీస్తే 50తో రెండున్నర మీటర్లు, 35తో 3.6, 28తో 4.5, 24తో 5.25 మీటర్ల గోడ పడుతుందన్నమాట. ఈ లెక్క నోటికి వస్తే, గుమ్మంలో అడుగు పెట్టగానే ఏ లెన్స్ తీయాలో తెలిసిపోతుంది. సంచి తెరిచి తడుముకునే పని ఉండదు.

## తీయాలా వద్దా: ఒక్క ప్రశ్న

వెనకున్నదంతా మసకబారిస్తే ఈ ఫొటో అర్థం మారిపోతుందా?

మారుతుంది అనుకుంటే వైడ్ లెన్స్ తీయండి. మారదు, పైగా ఇంకా బాగుంటుంది అనుకుంటే 85 తీయండి. నేను చాలా ఏళ్లు 'ఎంత దూరంలో ఉన్నాడు?' అనే ప్రశ్నతో లెన్స్ ఎంచుకున్నాను. అది సగం ప్రశ్నే. తరగతి గదిలో టీచరు, వర్క్‌షాపులో మెకానిక్, పుస్తకాల మధ్య కూర్చున్న పరిశోధకురాలు, వానలో బస్సు కోసం చూస్తున్న పిల్లాడు, వీళ్లందరికీ చోటే సగం కథ. పాస్‌పోర్ట్ ఫొటోకి చోటుతో పనిలేదు.

ఆ ప్రశ్నకు అవును అని జవాబొచ్చినా, రెండు మూడు మీటర్ల దగ్గరికి వెళ్లే వీలు మీకుండాలి. వేదిక కింద, కంచె బయట ఆగిపోవాల్సి వస్తే ఈ లెన్స్ దండగ.

## ఎక్కడ నిలబడాలి

అసలు పని ఇక్కడుంది, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

'వైడ్ లెన్స్ దూరాలను సాగదీస్తుంది' అంటారు. సాగదీసేది లెన్స్ కాదు, మీరు నిలబడిన చోటు. ఒకే చోటు నుంచి 35తో ఒకటి, 70తో ఒకటి తీసి, 35 ఫొటోను నడిమధ్యకు క్రాప్ చేసి చూడండి. వస్తువుల మధ్య పొంతన రెండింటిలోనూ ఒకేలా ఉంటుంది. తేడా వచ్చేది మీరు కదిలినప్పుడు.

రెండు ఒకేలాంటి కుర్చీలు తీసుకోండి. రెండోది మొదటిదానికి నాలుగు మీటర్ల వెనక ఉంది. మీరు మొదటి కుర్చీకి మీటరు దూరంలో ఉంటే రెండోది ఐదు మీటర్ల దూరం, అంటే ఫొటోలో ఐదో వంతు సైజులో పడుతుంది. నాలుగు మీటర్ల దూరం నుంచి తీస్తే రెండోది ఎనిమిది మీటర్లు, సగం సైజులో కనిపిస్తుంది. కుర్చీలు కదల్లేదు, మీరే కదిలారు. వైడ్ లెన్స్ చేసిందల్లా ఏమిటంటే, మీటరు దూరం నుంచి కూడా కుర్చీ మొత్తం ఫ్రేములో పట్టేలా చూడటం.

కాబట్టి దూరాన్ని మీరు ఎంచుకోవాలి, ఫ్రేము దాన్నిబట్టి వస్తుంది. నేను చేసే వరుస ఇది.

మూడు మీటర్ల దగ్గర మొదలుపెట్టి ఒకటి తీస్తాను. ఇది భద్రత కోసం, సాధారణంగా అంత గొప్పగా ఉండదు. తర్వాత కెమెరా కంటికి ఆనించే ఒక్కో అడుగు ముందుకు వేస్తాను. అంచుల్లో పనికిరానివి ఒక్కొక్కటిగా జారిపోతుంటాయి: స్విచ్‌బోర్డు, చెత్తబుట్ట, ఎవరిదో మోచెయ్యి. ఇక ఇంకో అడుగు వేస్తే కావాల్సింది కూడా పోతుందనిపించే చోట ఆగుతాను.

అక్కడ ఎత్తు చూసుకుంటాను. దగ్గరి దూరాల్లో మోకాళ్ల మీద కూర్చోవడానికీ నిలబడి తీయడానికీ ఫొటో పూర్తిగా మారిపోతుంది. నిలబడి తీస్తే నేల ఎక్కువ, మనిషి కురచ. ఆయన పనిచేసే చేతుల ఎత్తుకి కెమెరా దించితే బల్ల మీదున్న పనిముట్లు ముందుకొస్తాయి, ముఖం వాటి వెనక నుంచి చూస్తుంది. టెలిఫొటోతో, అంటే దూరాన్ని దగ్గర చేసే పెద్ద అంకె లెన్స్‌తో, ముప్పై సెంటీమీటర్లు కిందికి దిగినా పెద్దగా తెలియదు. 28తో అది వేరే ఫొటో.

నొక్కే ముందు నాలుగు మూలలూ ఒకసారి కంటితో తుడవాలి. దీనికి ఒక క్షణం పడుతుంది. ఈ ఒక్క క్షణం బద్ధకించి ఎన్ని ఫొటోల్లో నా సంచి పట్టీనే తీశానో లెక్కలేదు.

## మనుషులను తీసేటప్పుడు

ముఖానికి ఎంత దగ్గరికి వెళ్లొచ్చు? ముక్కు కొన నుంచి చెవి దాకా సుమారు 12 సెంటీమీటర్లు అనుకుందాం. ముక్కుకి 40 సెంటీమీటర్ల దూరం నుంచి తీస్తే చెవి 52 దగ్గర ఉంటుంది. అంటే చెవితో పోలిస్తే ముక్కు 30 శాతం ఉబ్బి కనిపిస్తుంది. సెల్ఫీల్లో ముక్కు పెద్దదిగా రావడానికి కారణం ఇదే. మీటరున్నర నుంచి తీస్తే ఆ తేడా 8 శాతానికి దిగుతుంది, ఎవరూ పట్టించుకోరు. మీటరున్నర కంటే దగ్గరికి వెళ్లకుండా ఉండటం మంచి అలవాటు. తలా భుజాలు మాత్రమే కావాలంటే లెన్స్ మార్చండి, మొండికేయకండి.

ఎఫ్ అంకె లెన్స్ రంధ్రం (అపర్చర్) ఎంత తెరుచుకుందో చెప్తుంది: అంకె చిన్నదైతే రంధ్రం పెద్దది, స్పష్టంగా ఉండే లోతు తక్కువ. మీటరున్నర దూరంలో 35 ఎంఎంని ఎఫ్/1.8 దగ్గర పెడితే స్పష్టంగా ఉండే లోతు సుమారు 20 సెంటీమీటర్లే. బ్యాక్‌గ్రౌండ్ మెత్తబడుతుంది కానీ, రంపం రంపంలాగే గుర్తుపట్టేలా ఉంటుంది. 85 దాన్ని రంగు మచ్చగా మార్చేసేది. మనిషిని వేరు చేస్తూనే చోటును మిగల్చాలంటే ఎఫ్/2 నుంచి ఎఫ్/2.8 మధ్య నాకు నచ్చుతుంది. చోటు కూడా అంతే ముఖ్యమైతే ఎఫ్/5.6.

ఇక గ్రూప్ ఫొటోలు. ఇక్కడ దెబ్బతిన్నాను కాబట్టి చెప్తున్నాను. ఒకసారి 24 ఎంఎంతో పన్నెండు మందిని ఒకే వరుసలో, అంచు నుంచి అంచు దాకా నింపి తీశాను. ప్రింట్ చూసి చివర నిలబడ్డ పెద్దావిడ "నేనింత లావా?" అంది. జవాబు చెప్పలేకపోయాను. తప్పు ఆవిడది కాదు. గీతలను తిన్నగా ఉంచే లెన్స్ ఏదైనా అంచుల్లో గుండ్రటి వాటిని అడ్డంగా సాగదీస్తుంది. ఫ్రేము కుడి ఎడమ అంచుల దగ్గర తల 35తో సుమారు 12 శాతం, 28తో 19 శాతం, 24తో 25 శాతం వెడల్పెక్కుతుంది. లెన్స్ ఎంత ఖరీదైనదైనా ఇది పోదు, ఎందుకంటే ఇది లోపం కాదు, జ్యామితి.

దీనికి విరుగుడు:

- 24 కాకుండా 35 వాడి, వెనక్కి జరగండి. అడుగు ముందుకే అన్న నా మాటకు ఇదొక్కటే మినహాయింపు.
- ఒక వరుసను రెండు వరుసలు చేయండి. వెడల్పు సగమవుతుంది. ఎఫ్/5.6 లేదా ఎఫ్/8 పెడితే ముందు వరుస, వెనక వరుస రెండూ స్పష్టంగా ఉంటాయి.
- రెండు వైపులా ఫ్రేములో ఏడెనిమిదో వంతు ఖాళీ వదిలి, తర్వాత క్రాప్ చేయండి.
- చివర ఎవరినైనా పెట్టక తప్పకపోతే సన్నగా ఉన్నవాళ్లను పెట్టండి. కాస్త అన్యాయమే, కానీ పనిచేస్తుంది.

కెమెరా చుట్టూ అర్ధచంద్రాకారంలో నిలబెట్టమని కొందరు సలహా ఇస్తారు. వైడ్ లెన్స్‌తో అది బెడిసికొడుతుంది. చివరివాళ్లు ముందుకొచ్చేసరికి వెడల్పుతో పాటు ఎత్తు కూడా పెరిగి ఇంకా పెద్దగా కనిపిస్తారు. తిన్నటి వరుసే మేలు.

## గదులు, భవనాలు

గదిని తీయడానికి 24 సరిపోతుంది, చిన్న గదికైనా. ఇంకా వైడ్‌కి పోతే గది హాలులా కనిపిస్తుంది, ఫొటో చూసి వచ్చినవాళ్లు నిరాశపడతారు.

గోడలు లోపలికో బయటికో వాలిపోయినట్టు వస్తే లెన్స్‌ని తిట్టకండి. కెమెరాను పైకో కిందికో వంచారు, అంతే. సెన్సర్ గోడకు సమాంతరంగా ఉంటే నిలువు గీతలు నిలువుగానే ఉంటాయి. కెమెరాలో లెవెల్ గుర్తు ఉంటుంది, దాన్ని ఆన్ చేసుకోండి. తర్వాత కెమెరా ఎత్తు మార్చండి. గదిలో నేలకు సుమారు 1.2 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే బల్లల పైభాగం కొద్దిగా కనిపిస్తూ, కప్పు మరీ ఎక్కువ కాకుండా ఉంటుంది.

భవనం ఎత్తుగా ఉండి కెమెరా వంచక తప్పనప్పుడు, కావాల్సినదాని కంటే వదులుగా తీయండి. సాఫ్ట్‌వేర్‌లో గీతలు సరిచేస్తే అంచులు తెగిపోతాయి. ఆ తెగేదానికి ముందే లెక్కేసి వదలాలి. కొంచెమే వంచడం అన్నిటికన్నా చెడ్డది, పొరపాటులా కనిపిస్తుంది. వంచితే బాగా వంచండి, లేదా అసలు వంచకండి.

## వీధిలో: ఫోకస్ పని ముందే ముగించేయడం

గ్యారీ వినోగ్రాండ్ వీధుల్లో 28 ఎంఎంతో పనిచేశాడు. కార్టియే-బ్రెస్సాఁ ఎక్కువగా 50 వాడాడు. ఇద్దరూ వీధి ఫొటోలకు పేరు పొందినవాళ్లే, కాబట్టి వీధికి ఇదే లెన్స్ అనే శాసనం ఏదీ లేదు. కానీ రికో జీఆర్ 28 చూపుతో, ఫూజీ ఎక్స్100 వరుస 35 చూపుతో, లైకా క్యూ మళ్లీ 28తో, మార్చలేని ఒక్క లెన్స్‌తో వచ్చిన ఈ కెమెరాలు ఇన్నేళ్లు నిలబడ్డాయంటే ఆ చూపుల్లో ఏదో ఉంది.

ఆ ఏదో చాలావరకు డెప్త్ ఆఫ్ ఫీల్డ్, అంటే ముందు నుంచి వెనక దాకా స్పష్టంగా ఉండే లోతు. పద్ధతి ఇది:

1. ఆటోఫోకస్ ఆపేయండి. అపర్చర్ ఎఫ్/8.
2. 35తో ఫోకస్ 3 మీటర్ల దగ్గర ఆపండి. సుమారు 1.9 మీటర్ల నుంచి 7 మీటర్ల దాకా అంతా స్పష్టంగా వస్తుంది. 28తో 2.5 మీటర్ల దగ్గర ఆపితే 1.4 నుంచి 10 మీటర్ల దాకా.
3. షట్టర్ స్పీడు సెకనులో 1/250 వంతు కంటే నెమ్మదించనివ్వకండి, ఎండలో 1/500. ఐఎస్ఓ (సెన్సర్ వెలుతురుకు ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో వదిలేయండి. కాస్త గ్రెయిన్ (ఇసుక చల్లినట్టు గరుకుదనం) వస్తే రానివ్వండి.
4. ఇక మీ పని ఒక్కటే: మనిషి రెండు మీటర్ల దగ్గరికి వచ్చాడా, దాటాడా అని కంటితో కొలవడం.

ఆ నాలుగోది సాధనతోనే వస్తుంది. ఇంట్లో ఒక తలుపు చూసి 'రెండు మీటర్లు' అనుకుని, టేపుతో కొలిచి చూడండి. మొదట్లో అందరం తప్పుతాం, ఎక్కువగా దూరాన్ని తక్కువగా అంచనా వేస్తాం.

ఇంత దగ్గర నుంచి తీస్తే ఎదుటివాళ్లకు తెలుస్తుంది. తెలియనివ్వండి. దాక్కుని తీసినట్టు ప్రవర్తిస్తేనే టెన్షన్ పెరుగుతుంది. కళ్లు కలిస్తే తల ఊపి నవ్వండి, వద్దంటే ఆపేయండి.

## ప్రకృతి దృశ్యాలు

ఇక్కడ చాలామంది ఆశపడేది, నేను తక్కువగా వాడేది. కొండ ముందు నిలబడి 24 పెడితే కంటికి ఆకాశాన్నంటిన కొండ ఫొటోలో పుట్టలా పడుతుంది. కొండే కావాలంటే 70 కంటే పైకి వెళ్లండి. వైడ్ పెట్టాలంటే కాళ్ల ముందు ఏదో ఒకటి ఉండాలి: బండరాయి, నీటి పాయ, విరిగిన కొమ్మ. దానికి మీటరు పైచిలుకు దూరంలో వంగండి.

ముందూ వెనకా రెండూ స్పష్టంగా రావాలంటే 24 ఎంఎంని ఎఫ్/8 దగ్గర, లేదా 28ని ఎఫ్/11 దగ్గర పెట్టి 2.4 మీటర్ల దూరంలో ఫోకస్ చేయండి. 1.2 మీటర్ల నుంచి అనంతం దాకా సరిపోతుంది. పెద్ద ప్రింట్ వేసే ఉద్దేశం ఉంటే అపర్చర్‌ని ఇంకో స్టాప్, అంటే ఒక మెట్టు, మూయండి.

పోలరైజర్ ఫిల్టర్‌తో జాగ్రత్త. సూర్యుడికి 90 డిగ్రీల పక్కనున్న ఆకాశాన్నే అది బాగా ముదురు చేస్తుంది. 24 ఎంఎం చూసేంత ఆకాశంలో ఒక ముక్క నల్లగా, మిగతాది తెల్లగా వచ్చి మచ్చపడినట్టు ఉంటుంది.

## మూడింటిలో ఏది?

ఒక్కటే కొనాలంటే 35. తప్పులను క్షమిస్తుంది, అంచుల్లో మనిషి ఉన్నా పెద్దగా పాడవదు, ఎఫ్/1.8 లేదా ఎఫ్/2 లెన్సులు చిన్నగా తేలిగ్గా దొరుకుతాయి. 50 ఇప్పటికే ఉండి, అది ఇరుగ్గా అనిపించేవాళ్లు 28 చూడండి. 50కీ 35కీ ఉన్న తేడా కొద్దిమందికే అవసరపడుతుంది. 24 నా దృష్టిలో గదులకు, నేల మీద ఏదైనా దగ్గరగా ఉన్న దృశ్యాలకు. మనుషుల మధ్య దాన్ని వాడాలంటే అంచుల మీద ఓ కన్ను ఎప్పుడూ ఉండాలి, అది అలిసిపోయే పని.

ఫోన్‌లో తీసే ఫొటోల్లో మీకు నచ్చినవి ఎక్కువగా ఉంటే 28తో మొదలుపెట్టండి. ఆ చూపు మీ కంటికి ఇప్పటికే అలవాటు.

## మూడు సాయంత్రాల సాధన

మొదటి సాయంత్రం, ఏదో ఒక పని చేస్తున్న మనిషిని అడిగి ఒప్పించి, 35 చూపుతో మూడు మీటర్లు, రెండు మీటర్లు, మీటరున్నర దూరాల నుంచి తీయండి. ప్రతి దూరంలోనూ నిలబడి ఒకటి, కూర్చుని ఒకటి. మొత్తం ఆరు ఫొటోలు, అంతకంటే వద్దు.

రెండో సాయంత్రం అదే మనిషి, అదే చోటు, ఈసారి 28. దూరాలు మార్చకండి. అంచుల్లోకి కొత్తగా ఏమేం వచ్చాయో కాగితం మీద రాసుకోండి. వాటిలో ఎన్ని ఆ మనిషి గురించి ఏమైనా చెప్తున్నాయో వాటికి టిక్కు పెట్టండి.

మూడో సాయంత్రం కెమెరా ఎత్తకముందే ఆ కాగితం చూసి, టిక్కు పడినవి మాత్రమే ఫ్రేములో ఉండేలా ఎక్కడ నిలబడాలో వెతకండి. ఆ చోటు దొరికాక ఒక్కటే తీయండి.